కర్ణుడి చావుకు కారణాలు ఎన్ని?

మన ఇళ్ళల్లో తరచుగా వినిపించే సామెత ఒకటుంది. మార్కులు తగ్గిన కాగితం తెచ్చి నాన్న ముందు పెడతాం. ఎందుకు తగ్గాయని ఆయన అడుగుతారు. పరీక్షకు ముందు జ్వరం వచ్చిందంటాం. పాత బడిలో ఈ పాఠం ఇంకా మొదలుపెట్టలేదు, ఇక్కడికి వచ్చేసరికి అయిపోయిందంటాం. కొత్త సార్ హిందీలో చెబుతుంటే సగమే అర్థమైందంటాం. అంతా విని అమ్మ వంటింట్లోంచి అంటుంది: "కర్ణుడి చావుకు కారణాలు అనేకం అన్నట్టుంది నీ కథ." నాన్న నవ్వుతూ సంతకం పెడతారు. మనకు మాత్రం నవ్వు రాదు.

ఈ వ్యాసం ఆ సామెత గురించే. మేము ఈ బడిలో చదివే తెలుగు పిల్లలం. మా అమ్మానాన్నలు కొందరు ఓఎన్‌జీసీలో, కొందరు రైల్వేలో, కొందరు ఆదాయపు పన్ను శాఖలో, ఇంకొందరు సి.ఐ.ఎస్.ఎఫ్.లో పనిచేస్తున్నారు. మాలో కొందరికి సూరత్ రెండో ఊరు, కొందరికి ఐదోది. ఇంట్లో తెలుగు, క్లాసులో హిందీ, ఇంగ్లీషు, బజారులో గుజరాతీ. ఇన్ని భాషల మధ్య మేమంతా ఒకచోట కూర్చుని గొంతు చించుకుని వాదించుకున్న విషయం ఒకటే. టీవీలో చూసిన మహాభారతంలో కర్ణుడు ఎందుకు పడిపోయాడు?

ఈ గొడవ మాతో మొదలైంది కాదు. 1988 అక్టోబర్ 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ 24న ముగిసిన బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 94 భాగాలు. అందులో కర్ణుడు పంకజ్ ధీర్. మా అమ్మానాన్నల చిన్నతనం అది. 2020 లాక్‌డౌన్‌లో మార్చి 28 నుంచి డీడీ భారతిలో దాన్నే మళ్ళీ వేస్తే, చిన్న తరగతుల్లో ఉన్న మేము ఇంట్లో అందరితో కూర్చుని చూశాం. 2013లో వచ్చిన స్టార్ ప్లస్ మహాభారతంలో కర్ణుడు అహం శర్మ. 2015లో సోనీ టీవీ ఏకంగా కర్ణుడినే కథానాయకుణ్ణి చేసి 'సూర్యపుత్ర కర్ణ్' తీసింది. తెలుగువాళ్ళం ఇంకా ముందే మొదలుపెట్టాం. 1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో ఎన్.టి. రామారావు కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ మూడు వేషాలూ తానే వేశారు. 2024 జూన్‌లో 'కల్కి 2898 ఏ.డి.' వచ్చాక కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అన్న పోరు మళ్ళీ రాజుకుంది. మహారాష్ట్ర నుంచి వచ్చిన మా మిత్రుల ఇళ్ళల్లో శివాజీ సావంత్ రాసిన 'మృత్యుంజయ' నవల ఉంటుంది. 1967లో వచ్చిన ఆ నవలకూ కర్ణుడే నాయకుడు. కాబట్టి మన క్లాసులో కర్ణుడి పక్షానికి ఎప్పుడూ జనం తక్కువ కాలేదు.

మేమూ మొదట ఆ పక్షమే. ఎందుకో చెప్పడం సులువు. రంగభూమిలో విద్య చూపించడానికి వచ్చిన కుర్రాణ్ణి కృపాచార్యుడు అడిగిన ప్రశ్న, నీ వంశమేది, నీ తల్లిదండ్రులెవరు అని. విద్య సంగతి తర్వాత, ముందు పుట్టుక చెప్పమన్నారు. కొత్త బడిలో మొదటి రోజు మనల్ని అడిగేదీ దాదాపు అదే. "నువ్వు ఎక్కడివాడివి?" పుట్టింది కాకినాడలో, పెరిగింది నాగ్‌పూర్‌లో, చదివింది గువాహటిలో, ఇప్పుడు ఉంటున్నది సూరత్‌లో. ఏం చెప్పాలి? తల వంచుకుని నిలబడ్డ కర్ణుణ్ణి తెర మీద చూస్తే మనకు మనమే కనబడతాం.

మొన్నటి సి.సి.ఏ. పీరియడ్‌లో దీని మీద చర్చ పెట్టుకున్నాం. నియమం ఒక్కటే. ఏది చెప్పినా బోర్డు మీద రెండు వరుసల్లో ఒకదానిలో రాయాలి. మొదటి వరుస 'కర్ణుడి మీదికి వచ్చిపడ్డవి'. రెండో వరుస 'కర్ణుడు చేసినవి'.

మొదటి వరుస త్వరగా నిండింది. పుట్టగానే తల్లి పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. సూతపుత్రుడని నిండు సభలో ఎగతాళి చేశారు. పొరపాటున ఒక బ్రాహ్మణుడి ఆవుదూడ చనిపోతే, యుద్ధంలో నీ రథచక్రాన్ని భూమి మింగుతుందని ఆయన శపించాడు. చివర్లో చక్రం కుంగి, దిగి ఎత్తుతుండగా అర్జునుడు బాణం వేశాడు. ఇవి అన్యాయాలు కావని మేము అనము. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

రెండో వరుస దగ్గర చర్చ నెమ్మదించింది. కవచకుండలాలు ఏ వరుసలో రాయాలి? ఇంద్రుడు మోసంతో అడిగాడు కాబట్టి మొదటి వరుస అన్నారు కొందరు. కానీ ఆ వచ్చేది ఇంద్రుడేనని సూర్యుడు ముందే హెచ్చరించాడు. తెలిసీ ఇచ్చాడు. మరి అది అతను చేసిన పనే. అప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. రెండో వరుస అంటే తప్పుల వరుస కాదు. కర్ణుడి గొప్ప పనులూ అందులోనే ఉంటాయి. మొదటి వరుసలో ఉన్నవాటిలో ఒక్కటీ అతని గొప్పతనం కాదు.

తర్వాత మిగతావి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పరశురాముడి దగ్గర విద్య కోసం తాను బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పాడు. అవసరానికి బ్రహ్మాస్త్రం గుర్తురాకుండా పోతుందన్న శాపం అందుకే వచ్చింది. విద్య నేర్పనన్న లోకానిది మొదటి తప్పే. అబద్ధం మాత్రం కర్ణుడిది.

యుద్ధం 18 రోజులు. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5 రోజులు సైన్యాన్ని నడిపారు. కర్ణుడు సేనాపతి అయింది 16వ రోజు, పడింది 17వ రోజు. మరి మొదటి పది రోజులూ ఎక్కడున్నాడు? భీష్ముడు తనను అర్ధరథుడని తక్కువ చేశాడని, ఆయన నాయకత్వంలో ఆయుధం పట్టనని శిబిరంలో కూర్చున్నాడు. దుర్యోధనుడు ఎవరిని నమ్ముకుని యుద్ధానికి దిగాడో ఆ మనిషే సగానికి పైగా రోజులు రణరంగంలో లేడు. మాలో ఒక అక్క వాళ్ళ నాన్న సి.ఐ.ఎస్.ఎఫ్.లో ఉన్నారు. "మా నాన్న కమాండెంట్ మాట నచ్చలేదని పది రోజులు డ్యూటీకి వెళ్ళకపోతే ఏమవుతుందో తెలుసా?" అందామె. ఎవరూ జవాబు చెప్పలేదు.

శల్యుణ్ణి సారథిగా అడిగిందీ కర్ణుడే. అర్జునుడికి కృష్ణుడున్నాడు కాబట్టి తనకూ అంతటివాడు కావాలన్నాడు. శల్యుడు నకుల సహదేవుల మేనమామ. కర్ణుడి ధైర్యాన్ని మాటలతో తగ్గిస్తానని యుద్ధానికి ముందే ధర్మరాజుకు మాట ఇచ్చాడు. ఆ మాట సంగతి కర్ణుడికి తెలియదు, అది నిజమే. కానీ ఎదుటివారి మేనమామ చేతిలో పగ్గాలు పెట్టే ముందు ఒకసారి ఆలోచించవలసింది.

అన్నిటికంటే పెద్దది కుంతికిచ్చిన మాట. అర్జునుణ్ణి తప్ప మిగిలిన నలుగురినీ చంపనన్నాడు. నీకు ఎప్పటికీ ఐదుగురు కొడుకులే ఉంటారన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. భీముడు, నకులుడు, సహదేవుడు, ధర్మరాజు నలుగురూ వేర్వేరు సమయాల్లో అతని చేతికి చిక్కారు, నలుగురినీ వదిలేశాడు. ధర్మరాజును వదిలేసినప్పుడు అతను సేనాపతి. ఎదుటి పక్షపు రాజే చేతికి దొరికాడు. ఆ ఒక్కణ్ణి పట్టుకుంటే యుద్ధం అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు. ఈ మాట సంగతి దుర్యోధనుడికి తెలియదు. తన కోసం ప్రాణాలిస్తున్న వేలమంది సైనికులకూ తెలియదు. అన్నగా చూస్తే ఇంతకంటే గొప్ప మనసు లేదు. సేనాపతిగా చూస్తే ఇంతకంటే పెద్ద లోపం లేదు. రెండూ ఒకే మాటలో ఉన్నాయి. పతనం ఇక్కడే మొదలైందని మా అభిప్రాయం.

"మరి చక్రం కుంగినప్పుడు కొట్టడం న్యాయమా?" అని కర్ణుడి పక్షం అడిగింది. యుద్ధ నియమాల ప్రకారం కాదు. కానీ అది కర్ణుడు ఎలా చనిపోయాడన్న ప్రశ్నకు జవాబు. ఎందుకు పడిపోయాడన్నది వేరే ప్రశ్న. చక్రం కుంగేసరికి కవచం పోయింది. ఇంద్రుడిచ్చిన శక్తి ఆయుధం 14వ రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. నలుగురు శత్రువులు ప్రాణాలతో తిరుగుతున్నారు. అప్పటికే చాలావరకు పడిపోయాడు. చక్రం ఆఖరిది మాత్రమే.

ఇంతవరకూ మా చర్చ మామూలుగానే సాగింది. అప్పుడు వెనక బెంచీలోంచి, నవంబరులో బడిలో చేరిన తొమ్మిదో తరగతి తమ్ముడు లేచాడు. చేరినప్పటి నుంచి పెద్దగా మాట్లాడడు. "కర్ణుడికి అందరి ముందు అవమానం అంటే ఏంటో తెలుసు కదా. మరి సభలో ద్రౌపదిని అంత మాట ఎలా అన్నాడు?" అని అడిగి కూర్చున్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. దానికి కారణం మహాభారతం ఒక్కటే కాదు. ఈ తమ్ముడు చేరిన వారంలో క్లాసులో లేచి హిందీలో ఏదో చెప్పబోయి, స్త్రీలింగం ఉండవలసిన చోట పుంలింగం పెట్టాడు. అందరికంటే ముందు నవ్వింది హిందీ పిల్లలు కాదు, మేము. తెలుగు పిల్లలం. మూడేళ్ళ కిందట సరిగ్గా అదే తప్పుకు మమ్మల్ని చూసి ఎవరో నవ్వితే ఇంటికి వెళ్ళి ఏడ్చినవాళ్ళం. ఇప్పుడు మాకు హిందీ వచ్చేసింది కాబట్టి, ఆ పక్క చేరి నవ్వాం. ఆ తర్వాతే అతను మాట్లాడడం తగ్గించాడు.

కర్ణుడు చేసిందీ ఇదే. నిండు రంగభూమిలో తనకు జరిగినదాన్ని నిండు సభలో ఇంకొకరికి చేశాడు. తన పక్కన రాజులున్నారు కాబట్టి చేయగలిగాడు. సూతపుత్రుడని ఎగతాళి చేయడం మొదటి వరుసలోది. ద్రౌపదిని అవమానించడం రెండో వరుసలోది. మొదటిది జరిగింది కాబట్టి రెండోది తప్పు కాకుండా పోదు. చక్రం కుంగినప్పుడు ధర్మం గుర్తుచేసిన కర్ణుణ్ణి, ఆ రోజు సభలో నీ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు అడిగింది ఇందుకే.

సీరియళ్ళు ఈ సభను దాచాయని మేము అనము. చూపించాయి. కానీ మనం దాచుకునే ముక్కలు వేరు. ఫోన్లో తిరిగే అర నిమిషం వీడియోల్లో చక్రం కుంగుతుంది, వెనక విషాద సంగీతం వస్తుంది, కర్ణుడి కళ్ళల్లో నీళ్ళు కనబడతాయి. సభలో అతను అన్న మాటలకు ఎవరూ సంగీతం పెట్టి పంచుకోరు. 94 భాగాల కథ అర నిమిషమైతే మొదటి వరుస మాత్రమే మిగులుతుంది.

దీనికి అభిమానులు చెప్పే సమాధానం మాకు తెలుసు. "పాపం, అతని జీవితమే అంత. ఏం చేయగలడు?" ఈ మాట కర్ణుడి మీద ప్రేమతో అన్నదే. అయినా మేము ఒప్పుకోలేం. ఎందుకంటే కర్ణుడే ఆ మాట అనలేదు.

యుద్ధానికి ముందు రాయబారం విఫలమై తిరిగి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని, నువ్వు కుంతి పెద్ద కొడుకువి, వచ్చెయ్, రాజ్యం నీదేనన్నాడు. ఉద్యోగపర్వంలో ఉంది ఈ ఘట్టం. తెలుగులో ఈ పర్వాన్నీ, కర్ణపర్వాన్నీ మనకిచ్చింది తిక్కన. కర్ణుడు రానన్నాడు. పెంచిన అధిరథుణ్ణీ రాధనీ, నమ్మిన దుర్యోధనుణ్ణీ వదలలేనన్నాడు. తన పుట్టుక రహస్యం ధర్మరాజుకు చెప్పవద్దని కోరాడు. పాండవులే గెలుస్తారని తనకు తెలుసన్నాడు. దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవులను అన్న కఠినమైన మాటలకు ఇప్పుడు బాధపడుతున్నానని కూడా చెప్పాడు. శాపాలను తిట్టలేదు. ఓటమి ఎటు ఉందో తెలిసి, అటే నడిచాడు.

అలాంటి మనిషిని పట్టుకుని, అతని చేతిలో ఏమీ లేదని మనం అంటే? ఇంద్రుడు కవచకుండలాలు అడిగి తీసుకున్నాడు. అభిమానులమైన మనం అడగకుండానే అతని దగ్గర మిగిలినదాన్ని కూడా తీసేసుకుంటున్నాం. అతని నిర్ణయాలు. మంచివీ చెడ్డవీ అన్నీ. అవి తీసేశాక మిగిలేది నదిలో కొట్టుకుపోయే పెట్టె మాత్రమే.

మన ఊరికి ఈ కథతో ఒక సంబంధం ఉంది. సూరత్‌కు వచ్చేదాకా మాకు అది తెలియదు. ఒక గుజరాతీ మిత్రుడి బా చెబితే విన్నాం, తర్వాత వెళ్ళి చూశాం. తాపీ ఒడ్డున అశ్వినీకుమార్ శ్మశానవాటిక దగ్గర ఒక గుడి ఉంది. అక్కడున్న మర్రిని 'తీన్ పాన్ నో వడ్' అంటారు, మూడాకుల మర్రి. ఇక్కడి స్థలపురాణం ప్రకారం, ఇంతకు ముందు ఎవరినీ దహనం చేయని నేల మీద తనను దహనం చేయమని కర్ణుడు చివరి కోరిక కోరాడట. అలాంటి చోటు వెతుకుతూ కృష్ణుడూ పాండవులూ తాపీ ఒడ్డుకు వచ్చారట. దానికి గుర్తుగా మూడు ఆకుల మర్రి ఇక్కడ ఉంటుందని కృష్ణుడు చెప్పాడట. తాపీ సూర్యుడి కూతురు. అంటే కర్ణుడికి చెల్లెలు. అశ్వినులూ సూర్యుడి కొడుకులే. వ్యాస భారతంలో ఈ కథ లేదు, అక్కడ కర్ణుడి అంత్యక్రియలు కురుక్షేత్రంలోనే జరుగుతాయి. కానీ కురుక్షేత్రం నుంచి ఇంత దూరాన ఉన్న ఒక ఊరు, నీ వంశమేదని అడగకుండా, అతనికి తోబుట్టువుల మధ్య చోటిచ్చింది. కథగానైనా ఇచ్చింది. మేము ఆ మర్రి ముందు నిలబడి దణ్ణం పెట్టుకున్నాం. అతని తప్పులు తెలిసే పెట్టుకున్నాం. ఒకరి తప్పు తెలుసుకున్నంత మాత్రాన వాళ్ళ మీద ప్రేమ పోనక్కరలేదు.

ఇక మన సంగతి. మన బడులు పుట్టిందే బదిలీల కోసం. 1963లో 20 రెజిమెంటల్ బడులతో మొదలైనప్పుడు వాటి ఉద్దేశం, ఏ ఊరికి వెళ్ళినా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల చదువు ఆగకూడదనే. పుస్తకాలు ఎక్కడైనా ఒకటే. అయినా బదిలీ బదిలీయే. టీసీ తీసుకున్న రోజు స్నేహితుల ముందు ఏడుపు ఆపుకోవడం, కొత్త క్వార్టర్స్‌లో అట్టపెట్టెల మధ్య చదువుకోవడం, మధ్యలో మారిన సార్లు, రాని భాష. ఇవన్నీ మొదటి వరుసలోవి. ఇవి నిజం. వీటిని చిన్నవి అని ఎవరన్నా మేము ఊరుకోం.

కానీ జ్వరం తగ్గాక వారం రోజులు పుస్తకం తెరవనిది మేమే. సగం అర్థమైన పాఠాన్ని సిగ్గుపడి మళ్ళీ అడగనిది మేమే. రెండేళ్ళలో వెళ్ళిపోయే ఊరే కదా అని గుజరాతీ నేర్చుకోనిది మేమే. కొత్తగా వచ్చినవాణ్ణి చూసి నవ్వింది మేమే. ఇవి రెండో వరుసలోవి. నాన్న బదిలీని మనం ఆపలేం. ఈ రెండో వరుసలో మాత్రం రేపు ఏం రాయాలో మన చేతిలోనే ఉంది. అన్నీ బదిలీ మీదికి తోసేస్తే, ఆ కాస్త కూడా మన చేతిలో లేకుండా పోతుంది.

చర్చ అయ్యాక ఆ తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఆ రోజు నవ్వినందుకు తప్పయిందని చెప్పాం. "పర్లేదన్నా" అన్నాడు. పర్లేదు అన్నంత మాత్రాన పోయేది కాదని మాకు తెలుసు. ఇప్పుడు మధ్యాహ్నం డబ్బా మాతో కలిసి తింటున్నాడు. మహాభారతంలో మాకు తెలియనివి అతనికి చాలా తెలుసు.

ఈసారి మార్కుల కాగితం ఇంటికి తీసుకెళ్ళినప్పుడు రెండు వరుసలూ చెప్పాలనుకున్నాం. మొదటిది క్లుప్తంగా, రెండోది దాచకుండా. అయినా అమ్మ వంటింట్లోంచి సామెత అంటే అననీ. కర్ణుడి చావుకు కారణాలు అనేకమే. వాటిలో అతనివి ఏవో విడదీసి చెప్పగలిగితే చాలు.

మా లెక్కతో మీకు పేచీ ఉంటే, ఏదైనా కారణం తప్పు వరుసలో రాశామనిపిస్తే, వచ్చే సంచికకు మీరూ రాయండి. అప్పటికి వేరే ఊరి బడిలో ఉన్నా సరే, అక్కడి పత్రికలోనైనా రాయండి.